పాత బండికి బదులు ఏ బండి?

ఈ రోజు మీతో ఒక కారు గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నిజానికి రెండు కార్ల గురించి. ఒకటి మా ఇంట్లో పదమూడేళ్ళు పనిచేసిన పాత బండి. రెండోది దాని స్థానంలో తెచ్చుకోవాలని మేము కలగన్న బండి. ఆ కల ఎలా మొదలైంది, ఎక్కడ ఆగింది, చివరికి మా ఇంటి ముందు ఏ బండి నిలబడింది అన్నదే ఈ ప్రసంగం. నేను మెకానిక్కును కాను, బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. అందువల్ల ఇందులో వాహన శాస్త్రం కన్నా ఇంటి లెక్కలే ఎక్కువగా వినిపిస్తాయి.

మాది పావగడ తాలూకా. కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందినదే అయినా మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మా బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. వియ్యాలు మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు. ఆఫీసు పనులు మధుగిరి, తుమకూరు వైపు. ఒంట్లో బాగాలేకపోతే బెంగళూరు. తుమకూరు దాదాపు 100 కిలోమీటర్లు, బెంగళూరు దాదాపు 150. ఇంత దూరాల మధ్య బతికే కుటుంబానికి కారు అనేది షోకు వస్తువు కాదు. నాగలి ఉన్న ఇంట్లో ఎద్దుల జత ఎలాంటిదో, ముసలివాళ్ళున్న ఇంట్లో బండి అలాంటిది.

మా పాత బండిని స్టేషన్ వేగన్ అంటారు. మామూలు కారుకు వెనక డిక్కీ కిందికి వాలిపోయి ఉంటుంది కదా, దీనికి పైకప్పు చివరిదాకా సాగి ఉంటుంది. మా ఊళ్ళో పిల్లలు దానికి ‘పొడుగు బండి’ అని పేరు పెట్టారు. 2008లో రిజిస్టరైన బండిని నేను 2012లో సెకండ్ హ్యాండులో కొన్నాను. అది మోయని బరువు లేదు. చేను నుంచి వేరుశనగ మూటలు, మంచినీళ్ళ క్యాన్లు, తాలూకా ఆటల పోటీలకు పిల్లలు, పెళ్ళిళ్ళకు చుట్టాలు, నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవానికి ఇంటిల్లిపాది. వెనక సీటు మడిస్తే మా అమ్మ పడుకునేంత చోటు.

సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత బండిని చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకుంటే మరో అయిదేళ్ళు పొడిగిస్తారు. ఇదివరకు దీనికి 600 రూపాయల ఫీజు ఉండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2023లో నేనూ ఆ ఫీజు కట్టాను. తుప్పు పట్టిన చోట్ల వెల్డింగు చేయించాను, లైట్లు మార్పించాను, రంగు వేయించాను. అలా కాగితాల మీద బండికి ఆయుష్షు పెరిగింది. కానీ దాన్ని మార్చాలన్న ఆలోచన అంతకు ఒక ఏడాది ముందే, ఒక రాత్రి మొదలైంది. ఆ రాత్రి సంగతి చెప్పకుండా మిగతాది చెప్పలేను.

2022 వానలు మా వైపు అందరికీ గుర్తున్నాయి. నీళ్ళు చూడక ఏళ్ళు గడిచిన వంకలు కూడా ఆ ఏడు పొంగినాయి. కరువు సీమ వాళ్ళం మేము. నీళ్ళు లేకుండా ఎలా బతకాలో తెలుసు గానీ నీళ్ళు వచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో తెలియదు. ఒక రాత్రి మా అమ్మకు ఊపిరి ఆడక ఆయాసం వచ్చింది. పొడుగు బండిలో వెనక పడుకోబెట్టి పావగడకు బయలుదేరాను. దారిలో ఒక చప్టా. దాని మీద నీళ్ళు పోతున్నాయి. లైటు వెలుతురులో చూస్తే మోకాలి లోతు కూడా లేదనిపించింది. రోజూ పోయే దారే కదా అని బండి దించాను. పది అడుగులు పోయానో లేదో ఇంజను నీళ్ళు తాగి ఆగిపోయింది. బండి మెల్లగా పక్కకు జరగడం నా కాళ్ళ కింద తెలిసింది. ఆ జరుగుడు నేను ఈ జన్మలో మరిచిపోలేను.

అవతల గుడిసెలో ఉన్న రైతులు నలుగురు పరుగున వచ్చారు. “మేష్ట్రూ, దిగొద్దండి, స్టీరింగు పట్టుకోండి” అని అరుస్తూ బండిని వెనక్కి తోశారు. వాళ్ళలో ఒకాయన తన సరుకుల బండిలో మా అమ్మను ఎక్కించుకుని చుట్టు దారిన పట్నం చేర్చాడు. ముప్పావు గంట ఆలస్యమైంది. మా అమ్మ బతికింది. ఆమె ఇప్పటికీ ఆ రాత్రి గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు మర్నాడే వచ్చాడు. “అన్నా, ఇంక ఈ డబ్బా వద్దు. నాలుగు చక్రాలూ లాగే బండి కావాల మనకు. రాత్రి అట్లాంటి బండి ఉండుంటే దాటిపోయేవాళ్ళం” అన్నాడు. అమెరికాలో ఉండే మా చిన్నాయన కొడుకు ఫోనులో అదే మాట అన్నాడు. వాళ్ళ ఊళ్ళో చలికాలమంతా మంచు. అక్కడ మనవాళ్ళు చాలామంది అలాంటి బండ్లే వాడతారట. “వదిన, పిల్లలు అందరూ పట్టేది, చూడ్డానికి సొగసుగా ఉండేది, పరుగులో జోరుండేది, మంచులో జారనిది. ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ తీసుకో అన్నా” అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. నిజం చెప్పాలంటే భద్రత ఒక్కటే కాదు. నలభై దాటిన మగవాడికి కూడా జోరుగా పరుగెత్తే కారు మీద ఒక మోజు ఉంటుంది. ఆ మోజుకు మా అమ్మ ఆయాసం మంచి సాకుగా దొరికింది.

ఇంతకూ ఈ ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటి? మామూలు కార్లలో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. ఇప్పటి చిన్న, మధ్యతరహా కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలు లాగేవే. వెనక చక్రాలు ఊరికే తిరుగుతూ వెంట వస్తాయి. ఆల్ వీల్ డ్రైవ్‌లో నాలుగింటికీ శక్తి అందుతుంది. మన భాషలో చెప్పాలంటే, గట్టి నేలలో మడకకు ఒక జత ఎద్దులు చాలకపోతే రెండు జతలు కడతాం చూడండి, అది ఇది. ఒక జత కాలు జారినా రెండో జత పట్టు వదలదు. ఇందులోనూ రకాలున్నాయి. కొన్నిటిలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయి. కొన్నిటిలో మామూలుగా ముందువే లాగుతూ, అవి జారినప్పుడు మాత్రం వెనకవాటికి శక్తి తనంతట తానే పోతుంది. జిప్సీ, థార్ వంటి జీపుల్లో డ్రైవరు లీవరుతో వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్, గుట్టలెక్కడానికి వేరే తక్కువ గేరు ఉంటాయి.

దీని చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. కుటుంబాలు వాడే కారులో ఈ ఏర్పాటును పెద్ద ఎత్తున తెచ్చింది జపాను సుబారు కంపెనీ, 1972లో, లియోన్ అనే కారుతో. అది కూడా మా పొడుగు బండి లాంటి స్టేషన్ వేగనే! జపాను ఉత్తరాన మంచు పడే ప్రాంతంలో కరెంటు లైన్లు చూసుకునే తొహొకు విద్యుత్ సంస్థ, జీపు కన్నా హాయిగా ఉండి మంచులో పోగలిగే బండి కావాలని అడగడం దానికి మూలం. ఎక్కడి కరెంటు సిబ్బంది, ఎక్కడి అవసరం! మా తాలూకాలోనూ కరెంటు ఉంది. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. అయితే వాళ్ళను మంచు సతాయించింది, మమ్మల్ని ఎండ పోషిస్తోంది. ఎవరి నేలను బట్టి వాళ్ళ బండి అన్న మొదటి అనుమానం నాకు అక్కడ వచ్చింది.

ఆ తర్వాత 1980లో జెనీవా ప్రదర్శనలో జర్మనీ ఆడి కంపెనీ క్వాట్రో అనే కారు చూపించింది. ర్యాలీ పందేల్లో అది 1982లో, 1984లో తయారీదారుల ప్రపంచ టైటిళ్ళు గెలిచింది. అప్పటి నుంచే నాలుగు చక్రాలూ లాగే కారు అంటే జోరు అన్న పేరు వచ్చింది. మన దేశం నుంచి గౌరవ్ గిల్ 2013, 2016, 2017 సంవత్సరాల్లో ఆసియా పసిఫిక్ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచింది కూడా ఇలాంటి స్కోడా ఫాబియాతోనే. 2019లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. మోటారు పందేల్లో ఆ అవార్డు అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. మా అబ్బాయి ఆ వీడియోలు చూపించి, “నాన్నా, మట్టి రోడ్డు మీద చూడు ఎట్లా పోతాదో” అంటుంటే నాకూ గుండె వేగం పెరిగేది.

సరే, మన దేశంలో అలాంటి సెడాన్ ఏదైనా దొరుకుతుందా అని వెదికాను. అమెరికాలో సుబారు లెగసీ చాలాకాలం ఇలాంటి ఇంటిల్లిపాది కారుగా పేరు పొందింది. దాన్ని కూడా 2025తో ఆపేశారు. సుబారు కంపెనీ మన దేశంలో కార్లు అమ్మనే లేదు. మనకు దొరికేవాటిలో ఈ వర్ణనకు సరిగ్గా అతికేది బి.ఎం.డబ్ల్యూ. ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్. 2021 నుంచి చెన్నైలోనే బిగిస్తున్నారు. ధర ముప్పావు కోటికి అటూ ఇటూ. అది విని మా ఇంటావిడ, “ఆ డబ్బుకు కారు ఎందుకు, పావగడ బస్టాండే కొందాం” అంది. అంతటితో ఆ వాకిలి మూసుకుంది.

ఇంక మనకు అందుబాటులో ఉన్నవి రెండు దారులు. సెడాన్ కావాలంటే ముందు చక్రాలు లాగేవి: సిటీ, వెర్నా, స్లావియా, వర్చస్ లాంటివి. నాలుగు చక్రాలూ లాగేది కావాలంటే సెడాన్ మాట మరిచి ఎత్తు బండ్లకు పోవాలి. మారుతి గ్రాండ్ విటారాలో, టయోటా హైరైడర్‌లో ఆ రకం ఉంది. రెండూ మన బిడదిలోనే తయారవుతాయి. ఆ రకం ధర 15 లక్షల పైమాటే. ఇంకా పెద్దవి, ఇంకా ఖరీదైనవి ఉన్నాయి గానీ వాటి జోలికి పోలేదు.

తమ్ముడు సగం డబ్బు తాను పెట్టుకుంటానన్నాడు. “అమ్మ కోసం అన్నా” అన్నాడు. నేను దాదాపు ఒప్పుకున్నాను. అప్పుడు మా బండిని ఇన్నేళ్ళు చూసుకున్న పావగడ మెకానిక్కు దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాదు. చేతులకు గ్రీసు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న అడిగాడు. “సార్, ఆ పొద్దు నీళ్ళలో మీ చక్రాలు జారినాయా, బండి తేలిందా?”

నాకు జవాబు తోచలేదు. తర్వాత ఆయనే విడమరచి చెప్పాడు. చక్రం నేలను పట్టుకుంటేనే నాలుగు లాగినా రెండు లాగినా ప్రయోజనం. బండి తేలితే పట్టుకోవడానికి నేలే ఉండదు. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది కూడా అదే. పారే నీళ్ళు ఒక అడుగు లోతుంటే చాలు, చాలా కార్లు తేలడం మొదలవుతుంది. రెండడుగులుంటే పెద్ద బండ్లనైనా ఈడ్చుకుపోగలవు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్ళు పోతే అది ఏ డ్రైవ్ అయినా ఆగవలసిందే. కాబట్టి ఆ రాత్రి నాలుగు చక్రాలూ లాగే కారు ఉండి ఉంటే మేము దాటిపోయేవాళ్ళం కాదు. బహుశా ధైర్యం ఎక్కువై ఇంకో పది అడుగులు లోపలికి పోయేవాళ్ళం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రాత్రి తప్పు బండిది కాదు, దించిన నాది.

శ్రోతలారా, ఇంకొక అపోహ గురించి కూడా చెప్పాలి. నాలుగు చక్రాలూ లాగే బండి తొందరగా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. బ్రేకు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటుంది. బయలుదేరడంలో, ఎక్కడంలో, బురదలోంచి బయటపడటంలో ఆల్ వీల్ డ్రైవ్ సాయం చేస్తుంది. ఆగడంలో చేయదు. ఆపేది బ్రేకులు, టైర్లు, మన వేగం. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కాక బండి ఎంత దూరం పోతుందో, 80 వేగంలో దానికి రెండింతలు కాదు, నాలుగింతలు పోతుంది. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు నేను బోర్డు మీద చెప్పే లెక్కే. మధుగిరి, కొరటగెరె మీదుగా దాబస్‌పేట చేరేదాకా ఆ రోడ్డు మీద గొర్రెల మందలు, ట్రాక్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన రాగి కంకులు. అక్కడ మనకు కావలసింది ఆగే శక్తి.

మా పాత బండిలో ఎ.బి.ఎస్. లేదు, గాలి సంచులు లేవు, జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు లేదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కార్లన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇస్తున్నారు. పాత బండి మార్చడానికి ఇవీ అసలు కారణాలు. నాలుగు చక్రాల మాట వీటి తర్వాతే.

ఇక డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కార్లకు 18 శాతం. అంతకు మించితే 40 శాతం. ఆ పైన మన కర్ణాటకలో జీవితకాలపు రోడ్డు పన్ను. 5 నుంచి 10 లక్షల కారుకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల దానికి 17 శాతం, దాని మీద సెస్సు. 9 లక్షల కారుకు పన్ను 1,26,000 అయితే, 16 లక్షల కారుకు 2,72,000. సెస్సు కలపకుండానే తేడా 1,46,000 రూపాయలు. ఒక్క రోజు కూడా బండి నడపకముందే.

అప్పు సంగతి చూడండి. 5 లక్షలు ఎక్కువ అప్పు చేస్తే, ఏడాదికి నూటికి 9 వడ్డీతో, అయిదేళ్ళపాటు నెలకు 10,300 పైన కట్టాలి. అన్నీ కలిపి లక్షా ఇరవై వేల పైన వడ్డీయే. పెట్రోలు లెక్క వేరు. రెండు జతల ఎద్దులకు గడ్డీ రెండింతలు కాకపోయినా కొంత ఎక్కువే కదా. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాడికి లీటరుకు 20 ఇచ్చే బండి బదులు 16 ఇచ్చేది వస్తే 150 లీటర్లు ఎక్కువ. లీటరు నూరు రూపాయలనుకుంటే 15,000. టైర్ల విషయంలోనూ ఒక చిక్కు ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండికి నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. ఒకటి చిరిగితే ఒక్కొక్కసారి నాలుగూ మార్చవలసి వస్తుంది. ఏనుగును కొని అంకుశానికి వెనకాడితే ఎలా?

మా సరిహద్దు వాళ్ళకు ఇంకో శోధన ఉంది. అవతల హిందూపురం, ఇవతల పావగడ. “బావ పేరుతో అక్కడ కొని ఇక్కడ తిప్పుకుందాం” అనే సలహా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. చట్టం ప్రకారం, పక్క రాష్ట్రం నంబరు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కాగితం ఒకరిది, బండి ఒకరిది. బంధుత్వం ఉన్నచోట కాగితాలు ఇంకా సరిగ్గా ఉండాలి.

కరెంటు కారు ఎందుకు కాదని మా అమ్మాయి అడిగింది. పొరుగునే ఇంత సౌర విద్యుత్తు పుడుతుంటే అడగవలసిన ప్రశ్నే. రోజూ 40, 50 కిలోమీటర్లు తిరిగి రాత్రి ఇంట్లో చార్జి పెట్టుకునేవాళ్ళకు అది బాగానే ఉంటుంది. మేము అమ్మను చూపించడానికి ఒక్క రోజులో 300 కిలోమీటర్లు పోయి రావాలి. దారిలో ఆమెను కూర్చోబెట్టి చార్జింగు కోసం కాచుకోవడం మాకు కుదరదనిపించింది. వచ్చేసారి కొనే బండి అదే కావచ్చు.

ఇన్ని లెక్కలు వేసినా చివరి తీర్పు నాది కాలేదు. 2025 దసరా సెలవుల్లో తమ్ముడు, నేను, మా ఇంటావిడ, అమ్మ అందరం కార్లు చూడటానికి పోయాం. ముందు సెడాన్ చూశాం. నేను నడిపి చూశాను. శ్రోతలతో అబద్ధం చెప్పను, ఎంత హాయిగా ఉందో! నేలకు దగ్గరగా కూర్చుని, మలుపులో ఒరగకుండా, పెడల్ తాకితే చాలు ముందుకు దూకుతుంది. డిక్కీ కూడా 500 లీటర్ల పైన. మా పొడుగు బండిని మరిపించేట్టుగా ఉంది. ఇదే కొందాం అని తమ్ముడి వైపు చూశాను.

అప్పుడు అమ్మను ఎక్కించాం. కూర్చోవడానికి కిందికి దిగబడినట్టు కూర్చుంది. లేవడానికి మాత్రం ఇద్దరం చెరో చెయ్యి పట్టి లాగవలసి వచ్చింది. ఆమె మోకాళ్ళు అరిగి ఏళ్ళయింది. తర్వాత నాలుగు చక్రాలూ లాగే ఎత్తు బండి. దాని గడప మీద కాలు పెట్టలేక అక్కడే నిలబడిపోయింది. ఆమె ముఖంలో నొప్పి కన్నా, మా కొడుకులిద్దరి ముందు చేతకాలేదే అన్న చిన్నతనం ఎక్కువ కనిపించింది. కాసేపటికి తానే అంది. “నాయనా, నాకు బాయిలోకి దిగినట్టూ ఉండకూడదు, అట్టం ఎక్కినట్టూ ఉండకూడదు. మన ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు ఉంటే చాలు.”

అంతే. ఆ మాటతో మా మూడేళ్ళ చర్చ ముగిసింది. ఇంటికి వచ్చి టేపు తీసుకుని అమ్మ మంచం ఎత్తు కొలిచాను. నేల నుంచి 22 అంగుళాలు. మరుసటి రోజు టేపు జేబులో పెట్టుకుని పోయాను. మేము చూసిన సెడాన్ సీటు 19 అంగుళాలు. ఎత్తు బండిది 27. నాలుగు మీటర్ల లోపు పొడవున్న ఒక చిన్న కారు సీటు 23. సేల్స్ కుర్రవాడు నన్ను వింతగా చూశాడు. ఇంజను గురించి అడిగేవాళ్ళను చూశాడు గానీ టేపుతో సీటు కొలిచేవాణ్ణి చూడలేదట. అమ్మ ఆ కారులో ఎవరి చేయీ పట్టకుండా కూర్చుంది, లేచింది. మళ్ళీ కూర్చుంది. “ఇది నాది” అంది.

ముందు చక్రాలు లాగే చిన్న పెట్రోలు కారు, ఆరు గాలి సంచులు, జారుడు అదుపు ఏర్పాటు, మంచి నక్షత్రాలు. పది లక్షల గీత దాటలేదు. మిగిలిన డబ్బులో కొంత మా అమ్మాయి కాలేజీ ఖర్చుకు పక్కన పెట్టాం. తమ్ముడు మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. “అన్నా, సగం డబ్బు ఇస్తానంటే కూడా చిన్న కారేనా?” అన్నాడు. “నువ్వు ఇవ్వాలనుకున్నది అమ్మకు కదా, అమ్మకు కావలసిందే కొన్నాం” అన్నాను. ఆ తర్వాత అతను ఏమీ అనలేదు. మొదటిసారి బెంగళూరుకు తానే నడిపాడు.

అయితే ఆల్ వీల్ డ్రైవ్ ఎవరికీ వద్దని నేను చెప్పడం లేదు. మలెనాడులో, కొడగులో, వానాకాలమంతా బురద ఏటవాలు దారుల్లో తోటలకు పోయేవాళ్ళకు అది అవసరమే. నల్లరేగడి పొలాల మధ్య రోజూ తిరిగేవాళ్ళకు, ఏటి ఇసుకలో దిగవలసినవాళ్ళకు కూడా. అమెరికాలో మంచు దారిన పిల్లలను బడికి దింపే మా చిన్నాయన కొడుకుకు అది షోకు కాదు. అతని సలహా అతని నేలకు సరైనదే. మా నేలకు మేము విడిగా ఆలోచించుకోవాలి.

పాత బండి మార్చాలనుకునేవాళ్ళకు నా అనుభవంలో నుంచి నాలుగు మాటలు. మొదటిది, ఏడాదిలో మీ బండి నిజంగా ఎన్ని రోజులు బురదలో, ఎన్ని రోజులు తారు రోడ్డు మీద నడుస్తుందో ఒక కాగితం మీద రాయండి. మాకు బురద రోజులు పది కూడా రాలేదు. రెండోది, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను, అందరికన్నా చిన్నవాళ్ళను తీసుకుపోయి ఎక్కించి దించి చూడండి. మూడోది, కొత్త బండి కొనేలోగా పాత బండి టైర్లు చూడండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరుకు కాలం చెల్లినట్టే. వానలో బండిని పట్టుకునేది ముందు టైరు. నాలుగోది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చప్టా మీద నీళ్ళు పారుతుంటే ఏ బండి అయినా వెనక్కి తిప్పండి. చుట్టు దారి ముప్పావు గంటే.

పొడుగు బండి ఏమైందని అడుగుతారేమో. అమ్మలేదు. దాని రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది. ఊరికి దగ్గరగా, పగటి పూట, చేను పనులకు మాత్రమే వాడుతున్నాం. వేరుశనగ మూటలు ఇప్పటికీ దానిలోనే వస్తాయి. ఆ రాత్రి మా అమ్మను తీసుకుపోయిన రైతు మొన్న మా కొత్త కారు చూసి, “ఏం మేష్ట్రూ, ఇది నీళ్ళలో పోతాదా?” అని నవ్వుతూ అడిగాడు. “పోదు, నేనూ పోను” అన్నాను.